నైట్ డ్యూటీల్లో బైబిల్ చదవడం ఆగిపోయింది, ఆరాధనలో నిద్ర వస్తోంది. మీరంతా ఎలా చేస్తున్నారు?

రాత్రిడ్యూటీ (విజయవాడ)

అందరికీ వందనాలు. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. పదకొండేళ్ల సర్వీసు. పోయిన జూన్‌లో మాలో ఇద్దరు మానేశారు, వాళ్ల స్థానంలో ఇంతవరకు ఎవరినీ తీసుకోలేదు. అప్పటి నుంచి నెలకు పదిహేను, పదహారు నైట్లు పడుతున్నాయి. రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగాలి. హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి తొమ్మిదవుతుంది. మా ఆయనది ఆటోనగర్‌లో లేత్ పని. ఆయన పిల్లల్ని స్కూల్లో దింపి పనికి వెళ్లిపోతారు. నేను ఇంటికొచ్చి వంట చేసి, బట్టలు నానబెట్టి, పన్నెండుకు పడుకుంటే మూడున్నరకు పిల్లలు వచ్చేస్తారు.

జనవరి ఒకటిన ఈ ఏడాది బైబిల్ మొత్తం చదవాలని మొదలుపెట్టాను. 1,189 అధ్యాయాలు, రోజుకు మూడో నాలుగో చదివితే సంవత్సరంలో అయిపోతుంది. ఆదికాండము, నిర్గమకాండము బాగానే సాగాయి. లేవీయకాండములో నెమ్మదించాను. సంఖ్యాకాండములో గోత్రాల లెక్కల దగ్గర ఆగిపోయాను. ఫోన్‌లో యాప్ రోజూ "మీరు 61 రోజులు వెనకబడి ఉన్నారు" అని చూపిస్తుంటే ఒక రోజు ఆ నోటిఫికేషన్ తీసేశాను. తీసేసి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.

ఆదివారాలు ఇంకా కష్టం. నైట్ దిగి అటునుంచి అటే చర్చికి వెళ్లేదాన్ని, యూనిఫాం బ్యాగులో కుక్కుకుని. పాటలప్పుడు బాగానే ఉంటాను. వాక్యం మొదలయ్యాక కళ్లు మూతలు పడతాయి. పోయిన నెల ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "దేవుని సన్నిధిలో నిద్రపోయేకంటే ఇంట్లో పడుకోవడం మేలు కదమ్మా" అన్నారు. ఆవిడ ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు. కానీ ఆ తర్వాత రెండు ఆదివారాలు నేను వెళ్లలేదు.

మా అమ్మ గుడివాడ దగ్గర పల్లెలో నాట్లకూ కోతలకూ వెళ్లేది. అక్షరాలు నేర్చుకుందే పెళ్లయ్యాక, రాత్రి బడిలో. రోజంతా బురదలో నడుం వంచి పనిచేసి వచ్చి, స్నానం చేసి, లాంతరు ముందు కూర్చుని ఒక్క కీర్తన చదివేది. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివేది. చదివాక అమ్మ ముఖం వేరుగా ఉండేది. అలసట ఎక్కడికి పోయేదో తెలిసేది కాదు. నేను ఏసీ గదిలో పనిచేస్తాను, చదువుకున్నాను, చేతిలో ఫోన్ నిండా బైబిళ్లే. కానీ అమ్మకు దొరికింది నాకు దొరకడం లేదు.

విశ్వాసం పోలేదు. పేషెంట్ల మంచాల పక్కన ప్రార్థన చేస్తూనే ఉంటాను. కానీ లోపల ఎండిపోయినట్టుంది. ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లు మీరు ఎలా చేస్తున్నారో చెప్పండి. "టైం చేసుకోవాలి" అని మాత్రం దయచేసి చెప్పకండి.

---

వేకువజాము

సిస్టర్, ప్రైజ్ ద లార్డ్. మీ బాధ అర్థమైంది. కానీ దేవునికి మొదటి స్థానం ఇవ్వాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి. నేను పన్నెండేళ్లుగా పొద్దున నాలుగింటికి లేస్తున్నాను. గంట ప్రార్థన, గంట వాక్యం. మొదట్లో కష్టంగా ఉంటుంది, నలభై రోజులు చేస్తే అలవాటైపోతుంది. ప్రభువు కూడా ఇంకను చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడని మార్కు మొదటి అధ్యాయంలో ఉంది కదా. ప్రయత్నించండి. మీ కోసం ప్రార్థన చేస్తాను.

---

మార్కాపురం డ్రైవర్

అమ్మా, వందనాలు. నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం మార్కాపురం డిపోలోనే. నువ్వు రాసింది చదివాక నా పాత రోజులు కళ్లముందుకొచ్చాయి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, వీలున్నప్పుడు చదువుకో.

ముందు నాలుగింటికి లేవమన్న తమ్ముడికి ఒక మాట. మంచి అలవాటు నాయనా, వదులుకోవద్దు. మా ఇంటావిడ ఇప్పటికీ ఆ వేళకే లేస్తుంది. కానీ ఈ అమ్మాయి నాలుగింటికి లేచే ఉంది. పేషెంటు దగ్గర నిలబడి ఉంది. ఆమెకు ఇంకొంచెం తక్కువ నిద్రపొమ్మని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. 127వ కీర్తనలో వేకువనే లేచి, చాలా రాత్రయ్యాక పండుకుంటూ కష్టార్జితం తినడం వ్యర్థమని చెప్పి, వెంటనే "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు" అని ఉంది. ఆ మాట వల్లే నాకు నిద్ర విలువ తెలిసింది. డ్రైవరుకి నిద్ర చాలకపోతే ఏమవుతుందో నేను రోడ్డు మీద చూశాను. అది రాయను.

ఇక నా సంగతి. తెల్లవారుజాము సర్వీసుంటే మూడున్నరకు డిపోలో ఉండాలి. ఇంట్లో బైబిల్ తీయడానికి వీలుండేది కాదు, లైటు వేస్తే పిల్లలు లేస్తారు. మొదటి ఐదారేళ్లు నేనూ నీలాగే బాధపడ్డాను. ఇప్పుడంటే నీకు యాప్ లెక్క చెబుతోంది, అప్పుడు నేనే డైరీలో ఎర్ర ఇంకుతో తప్పిన రోజులు గుర్తు పెట్టుకునేవాణ్ణి. ఆ ఎర్ర గీతలు చూస్తే ఇక పుస్తకం ముట్టుకోబుద్ధి అయ్యేది కాదు.

బస్సు స్టార్ట్ చేయగానే కదలదమ్మా. ఎయిర్ బ్రేకులు. రాత్రంతా నిలబడ్డ బండికి గాలి దిగిపోయి ఉంటుంది. ఇంజను ఆన్ చేసి, గేజీలో ముల్లు పైకి లేచేదాకా కూర్చోవాలి. ఎయిర్ ఎక్కకుండా బండి తీస్తే బ్రేకు పట్టదు. ఎంత ఆలస్యమైనా, కంట్రోలర్ ఎన్ని కేకలు వేసినా, ఆ కాసేపు ఎవరూ ఏమీ చేయలేరు. నాలుగు నిమిషాలో ఐదు నిమిషాలో. ఒకరోజు ఆ సమయంలో ఊరికే జేబులో ఉన్న కొత్త నిబంధన తీశాను. ఆ చిన్న సైజు పుస్తకాల్లో వెనక కీర్తనలు కూడా ఉంటాయి చూడు, అది. క్యాబిన్ లైటులో ఒక్క కీర్తన చదివాను. ముల్లు లేచింది, పుస్తకం మూశాను, బండి తీశాను. ఆ రోజంతా ఆ కీర్తనే నోట్లో నానింది. మరుసటి రోజు కూడా అదే చదివాను. వారమంతా అదే. అలా ఎన్నో ఏళ్లు గడిచాయి.

నేను ఎక్కువగా చదివినవి యాత్రకీర్తనలు. 120 నుంచి 134 వరకు పదిహేను. ప్రతి కీర్తన నెత్తిన "యాత్రకీర్తన" అని రాసి ఉంటుంది. పండుగలకు యెరూషలేముకు ఎక్కిపోయే యాత్రికులు దారిలో పాడుకునేవారని మా పాస్టరు గారు చెప్పేవారు. నడిచేవాళ్ల పాటలు కాబట్టి చిన్నవి. 132 ఒక్కటి తప్ప ఏదీ పది వచనాలు దాటదు. మూడే వచనాలున్నవి మూడున్నాయి. 121 చదివి చూడు. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అని మొదలవుతుంది. నేను రోజూ దోర్నాల దాటి నల్లమల ఎక్కేవాణ్ణి. కొండల కోసం కళ్లెత్తక తప్పని పని నాది. చివర "నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును" అని ఉంటుంది. రాకపోకలు! ముప్పై ఏళ్లు నా బతుకంతా ఆ మాటే కదమ్మా. ఎవరో నాకోసమే రాసినట్టు అనిపించేది.

శివరాత్రి రోజుల గురించి చెప్పాలి. మా డిపోకు అంతకు మించిన పని ఉండదు. శ్రీశైలం స్పెషల్స్. డబుల్ డ్యూటీలు, ఘాట్ రోడ్డు, బస్సులో కాలు పెట్టే చోటుండదు, భక్తుల శివనామస్మరణతో బండి మారుమోగుతుంది. రోడ్డు పక్కన నడిచి వెళ్లేవాళ్లు వేలమంది. ఒక ఏడు వరసగా రెండు ఆదివారాలు నాకు ఆరాధన పోయింది. మూడో రోజో నాలుగో రోజో గుర్తులేదు, శ్రీశైలంలో బండి పెట్టి స్టీరింగు మీద తల వాల్చాను. ప్రార్థన చేద్దామని వాల్చాను, ఒక్క మాట రాలేదు. ఇక చాలు ప్రభువా అన్నాను, అంతే.

అందరూ దిగాక ఒక ముసలావిడ వెనక్కి వచ్చింది. ఏదో మర్చిపోయిందనుకున్నాను. "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా నాయనా?" అని, మూటలోంచి పులిహోర పొట్లం తీసి నా ఒడిలో పెట్టింది. ఇంటి దగ్గరే చేసి ఆకులో కట్టుకొచ్చింది. నీళ్ల సీసా కూడా ఇచ్చి, తినేదాకా మెట్టు మీదే కూర్చుంది. తిన్నాను. తర్వాత సీట్లో ఒరిగి ముప్పావుగంట నిద్రపోయాను. లేచాక బైబిల్లోని ఏలీయా ప్రవక్త గుర్తొచ్చాడు.

మొదటి రాజులు పంతొమ్మిదో అధ్యాయం. కర్మెలు కొండ మీద అంత పెద్ద పని చేసినవాడు, యెజెబెలు రాణి బెదిరిస్తే పరుగెత్తి పరుగెత్తి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును" అన్నాడు. దేవుడు అతనికి పాఠం చెప్పలేదు, ఎందుకిలా అయ్యావని అప్పుడే అడగలేదు. దూత వచ్చి ముట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. ఆ తిండి బలంతో నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాడు. దేవుని స్వరం వినడం అక్కడ, ఆ తర్వాత. ముందు నిద్ర, రొట్టె, నీళ్లు.

ఆ ముసలావిడ శివయ్య దర్శనానికి వచ్చింది. నేను క్రీస్తును నమ్మినవాణ్ణి. ఆమెను నా దగ్గరికి పంపింది ఎవరో నాకు తెలుసు. ఇప్పటికీ ప్రార్థనలో ఆమెను తలుచుకుంటాను.

నీ పనిలో ఎయిర్ ఎక్కే సమయం ఎక్కడుందో నాకు తెలియదమ్మా, నీకే తెలియాలి. సంఖ్యాకాండము ఎక్కడికీ పోదు. సెలవులు దొరికినప్పుడు చదువుకోవచ్చు.

---

కువైట్ చెల్లి

అక్కా వందనాలు. నాది రాజంపేట వైపు, కువైట్‌లో ఇంటి పనిలో ఉన్నాను, ఏడో సంవత్సరం. నాకు చదవడం అంత బాగా రాదు, ఇది కూడా ఫోన్‌లో మాట చెబితే అదే రాసుకుంటోంది, తప్పులుంటే చూసుకోవద్దు.

ఇక్కడ ఆరాధన శుక్రవారం జరుగుతుంది, సెలవు ఆ రోజే కాబట్టి. నాకైతే రెండు నెలలకొక శుక్రవారం వదిలితే గొప్ప. చర్చి కాంపౌండులో ఒక గదిలో తెలుగు, పక్క గదిలో మలయాళం, ఇంకో గదిలో అరబీ, అన్ని పాటలూ కలిసిపోయి వినిపిస్తుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. వెళ్లినరోజు ఆ రెండు గంటల్ని రెండు నెలలు దాచుకుని వాడుకుంటాను అక్కా.

మిగతా రోజుల్లో వినడమే. ఇస్త్రీ చేసేటప్పుడు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటా, రెండో చెవి మామా, అంటే ఇంటి యజమానురాలు, పిలిస్తే వినపడాలని వదిలేస్తా. ఆడియో బైబిల్‌లో ఒక్క అధ్యాయమే వారమంతా తిప్పి తిప్పి వింటాను. బాబా, అంటే యజమాని, వేసుకునే పొడుగు అంగీలు, దిష్‌దాషాలు, రోజుకు ఆరేడు ఉంటాయి, తెల్లవి, ఒక్క ముడత ఉండకూడదు. ఒక దిష్‌దాషా అయ్యేసరికి 23వ కీర్తన రెండుసార్లు వస్తుంది. ఇప్పుడు అది నాకు నోటికొచ్చు. రంజాన్ నెలలో రాత్రంతా వంటింట్లోనే, ఫోన్ పెట్టుకోవడానికి కుదరదు, అప్పుడు నోటికొచ్చిందే తోడు.

మొదట్లో వచ్చినప్పుడు నేను పాడటమే మానేశాను. ఇంటి మీద బెంగ. "అన్యుల దేశములో యెహోవా కీర్తనలు ఎట్లు పాడుదుము" అని వాళ్లు కూడా అన్నారంట కదా, బబులోనులో. 137వ కీర్తనలో. అది విన్నరోజు బాగా ఏడ్చాను, ఏడ్చాక తేలికైంది. బైబిల్లో ఏడ్చినవాళ్ల మాటలు కూడా పెట్టారని నాకు అప్పటిదాకా తెలియదు.

మీ అమ్మ గురించి రాశారు కదా, వేలు పెట్టుకుని చదివేదని. మా అమ్మ కూడా అంతే అక్కా.

---

రాత్రిడ్యూటీ

అందరికీ కృతజ్ఞతలు. బాబాయ్ గారూ, మీరు రాసింది డ్యూటీలో టీ బ్రేక్‌లో చదివాను. కళ్లు తుడుచుకుని మళ్లీ లోపలికి వెళ్లాల్సి వచ్చింది. చెల్లీ, నీ ఇస్త్రీ మాట నా మనసులో ఉండిపోయింది. "వేకువజాము" బ్రదర్, మీరు నా మంచి కోరే చెప్పారు, నాకు తెలుసు.

ఇంకొక్కటి అడుగుతాను. చదవడం సరే. ఆదివారం సంగతి ఏం చేయను? ఇంట్లో ఫోన్‌లో లైవ్ పెట్టుకుంటే చాలదా అని మా ఆయన అంటున్నారు. పెట్టి చూశాను. మధ్యలో కుక్కర్ విజిలు వస్తుంది, పిల్లలు తగవుకొస్తారు. పైగా ఒక్కదాన్నే పాడుతుంటే గొంతు రావడం లేదు.

---

మార్కాపురం డ్రైవర్

గొంతు రాదమ్మా. నలుగురితో పాడితే మన గొంతు తక్కువైనా పాట ఆగదు. మనం ఊపిరి తీసుకునేటప్పుడు పక్కవాళ్లు పాడుతుంటారు.

నేను చేసింది చెబుతాను. మా డిపోలో నాతోపాటు ఒక ముస్లిం డ్రైవర్ ఉండేవాడు, నాకు తమ్ముడిలాంటివాడు. మా సంఘంలో నెలకు మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం. నెలలో ఆ ఒక్క ఆదివారమైనా నాకు కావాలని అతనికి చెప్పాను. అతను రంజాన్‌లో సాయంత్రాలు ఇంటి దగ్గర ఇఫ్తార్‌కు ఉండాలన్నాడు. ఇద్దరం కలిసి డిపోలో డ్యూటీలు వేసేవాళ్ల దగ్గరికెళ్లి మ్యూచువల్, అంటే డ్యూటీల మార్పిడి, రాయించుకున్నాం. ఆ నెలంతా అతని సాయంత్రాలు నేను తోలేవాణ్ణి, నా మొదటి ఆదివారాలు ఏడాది పొడుగునా అతను తోలేవాడు. పద్నాలుగేళ్లు అలా సాగింది. అతని ఆరోగ్యం బాగాలేనప్పుడు తప్ప ఏనాడూ మాట తప్పలేదు.

నాలుగు ఆదివారాలూ కావాలంటే నీకు దొరకదు. ఒక్కటి అడుగు. మీ వార్డులో ఎవరికో ఇంకేదో రోజు అవసరం ఉంటుంది, శుక్రవారమో, శనివారమో, పిల్లల పుట్టినరోజో. ముందు నువ్వు ఇచ్చి తర్వాత అడుగు.

---

ఒంగోలు తెలుగు టీచర్

అమ్మాయీ, నేను ఇరవై ఎనిమిదేళ్లు బడిలో తెలుగు చెప్పాను. రెండు మూడు మాటలు.

నువ్వు నిద్రపోయావని నీకు చెప్పిన ఆవిడతో ఈసారి అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం కలిసి చదువు. కోపంతో కాదు, ప్రేమగానే. త్రోయ అనే ఊళ్లో మేడగదిలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగించాడు. ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చుని నిద్ర ఆపుకోలేక మూడో అంతస్తు నుంచి కింద పడిపోయాడు. పౌలు కిందికి దిగి వెళ్లి అతన్ని కౌగిలించుకున్నాడు. ఎందుకు నిద్రపోయావని అడిగినట్టు ఎక్కడా లేదు. ఆ రోజు ఆదివారం, ఆ కాలంలో అది పనిదినం. పగలంతా పనిచేసి వచ్చి కూర్చున్నవాడేమో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

రెండోది. నువ్వు మీ అమ్మగారి గురించి రాసినప్పుడు నాకు మా ముత్తాతల కథ గుర్తొచ్చింది. 1876 నుంచి 78 దాకా మహా కరువు. మా ప్రాంతంలో తినడానికి గింజ లేదు. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి పని ఇచ్చాడు. మా వాళ్లు అక్కడ మట్టి తట్టలు మోశారు. బోధకులే మేస్త్రీలు. పని మధ్యలో కాసేపు కూర్చున్నప్పుడు వాళ్లు వచ్చి పక్కన కూర్చుని వాక్యం చెప్పేవారు. చదువు రాని జనం, అధ్యాయాలు వినే ఓపిక లేని ఒళ్లు. అందుకని పదే పదే చెప్పింది ఒక్క వచనం: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును." నెత్తి మీద తట్ట ఉన్నవాళ్లకు ఆ "భారము" అన్న మాట వేరే వివరించి చెప్పాల్సిన పనిలేదు కదా. కరువు తీరాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ఇంట్లో ఈ కథ చెప్పకుండా ఏ క్రిస్మస్ గడవదు. వాళ్లలో చాలామందికి తెలిసిన వాక్యం ఆ ఒక్కటే అయి ఉండొచ్చు. నీకు 61 రోజుల లెక్క గుర్తొచ్చినప్పుడల్లా వాళ్లను గుర్తు తెచ్చుకో.

మూడోది వ్యాకరణం, అలవాటు పోదు కదా. 23వ కీర్తన మూడో వచనం: "నా ప్రాణమునకు ఆయన సేదదీర్చుచున్నాడు." సేద అంటే బడలిక. తీరడం వేరు, తీర్చడం వేరు. దాహం తీరుతుంది, ఎవరో వచ్చి దాహం తీరుస్తారు. ఆ వాక్యంలో కర్త ఎవరో చూడు. నేను సేద తీరుతున్నాను అని దావీదు అనలేదు, ఆయన సేదదీర్చుచున్నాడు అన్నాడు. దానికి ముందు వచనంలో కూడా అంతే, "పరుండజేయుచున్నాడు", "నడిపించుచున్నాడు". యెహోవా కాపరి, మనం గొర్రెలం అని చెప్పే కీర్తన అది, కానీ గొర్రె చేసే పని ఆ రెండు వచనాల్లో ఒక్కటీ లేదు. నువ్వు ఇన్నాళ్లూ సేద తీరడాన్ని కూడా నీ డ్యూటీ లిస్టులో రాసుకున్నావేమో అనిపించింది నాకు.

---

రాత్రిడ్యూటీ

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. మీరంతా ఎదురుచూస్తుంటారని కాదు గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

టీచర్ గారూ, మీరు చెప్పిన కర్త సంగతి చదివాక ఒక రోజంతా ఇంకేమీ చదవలేదు. తప్పు చేసినట్టు కూడా అనిపించలేదు. డ్యూటీ దిగి వచ్చి, వంట మా ఆయనకు వదిలేసి, ఆరు గంటలు పడుకున్నాను. ఆయనకు ముందే చెబితే ముందే చేసేవారట. నేనే ఎప్పుడూ అడగలేదు.

బాబాయ్ గారూ, నా ఎయిర్ ఎక్కే సమయం దొరికింది. చేతులు కడుక్కోవడం. ఐసీయూలో ఒక పేషెంటును ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, మంచం మారినప్పుడల్లా చేతులు రుద్దుకోవాలి. శానిటైజర్‌తో అయితే ఇరవై, ముప్పై సెకన్లు. సబ్బుతో అయితే ఇంకా ఎక్కువ. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల చివరలు, అన్నీ వరసలో. తొందరపడితే ఇన్ఫెక్షన్ వస్తుంది కాబట్టి ఎవరూ తొందరపెట్టరు. ఒక రాత్రికి ఎన్నిసార్లు కడుగుతానో లెక్కేలేదు. కడిగిన ప్రతిసారీ 121లో ఒక్క వచనం. ఫోన్ అక్కర్లేదు, పుస్తకం అక్కర్లేదు. మొదటి రాత్రి ఇంట్లో కాగితం మీద రాసుకుని వెళ్లాను, మూడో రాత్రికి కాగితం అవసరం లేకపోయింది. "నిన్ను కాపాడువాడు కునుకడు" అనే దగ్గరికి వచ్చేసరికి తెల్లవారుజాము మూడు. మానిటర్లు కూస్తున్నాయి, నేను కునికిపాట్లు పడుతున్నాను. ఆయన కునకడని అప్పుడు ఎంత ధైర్యంగా అనిపించిందో చెప్పలేను.

తర్వాతి వారం చివరి యాత్రకీర్తన తీశాను, 134. మూడే వచనాలు. అందులో ఎవరి గురించి ఉందో మీకు తెలిసే ఉంటుంది, నాకు ఇంతకాలం తెలియదు. "యెహోవా మందిరములో రాత్రి నిలుచుండువారలారా." రాత్రి నిలుచుండువారు! నేను సింకు దగ్గరే ఆగిపోయాను. దేవాలయంలో కూడా నైట్ డ్యూటీ ఉండేదన్నమాట. అందరూ ఇళ్లకెళ్లి పడుకున్నాక దీపాల దగ్గర, ద్వారాల దగ్గర మేలుకుని ఉన్నవాళ్ల కోసం కూడా ఒక కీర్తన రాశారు. ఆ రాత్రి ఏడో నంబరు బెడ్‌లో ఒక పెద్దాయన, వెంటిలేటర్ తీసి రెండో రోజు, నిద్ర పట్టక భయపడుతున్నారు. ఆయనకు మంచినీళ్లు స్పూనుతో తాగించి, దిండు సరిచేసి, కాసేపు చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నోటితో ఏమీ అనలేదు. అదే ఆరాధన అనిపించింది నాకు.

మ్యూచువల్ కూడా కుదిరింది. మాతో పనిచేసే ఒక అమ్మాయికి కార్తీక సోమవారాలు కావాలి, ఉపవాసం ఉండి సాయంత్రం గుడికి వెళ్లాలి. ఆ సోమవారం నైట్లు నేను తీసుకుంటానన్నాను. శనివారం నైట్లు నెలకు రెండు తను తీసుకుంటానంది. ఇన్‌ఛార్జి సంతకం కూడా పెట్టారు.

మొన్న శనివారం రాత్రి నిద్రపోయి, ఆదివారం పొద్దున తలంటుకుని, పిల్లల్ని తీసుకుని చర్చికి వెళ్లాను. వెనక బెంచీలోనే కూర్చున్నాను, అలవాటు. ఆ పెద్దావిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఐతుకు సంగతి నేను ఎత్తలేదు టీచర్ గారూ. ఆవిడే "రెండు మూడు వారాలు కనపడలేదు, ఒంట్లో బాగుందా?" అన్నారు. నైట్ డ్యూటీలమ్మా అన్నాను. ఎన్ని గంటలు అని అడిగారు. పన్నెండు అన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాట మొదలయ్యాక తన కీర్తనల పుస్తకం నా వైపు జరిపి, పాడుతున్న లైను కింద వేలు పెట్టారు.

ఈ రాత్రి మళ్లీ డ్యూటీ. ఈ వారం 130 మొదలుపెడుతున్నాను, కావలివారు ఉదయం కోసం కనిపెట్టే కీర్తన. చెల్లీ, నువ్వు కూడా అదే పెట్టుకో, ఇద్దరం కలిసి విందాం.